నీకు పడని వజ్రాలు

పద్మా,

నిన్న అమెరికాలో, ట్రాయ్‌లోని మీ ఇంట్లోనే నీ సంవత్సరీకం జరిగింది. భోజనాలయ్యాక వజ్రాలు ఒకే వరసగా పొదిగిన నీ టెన్నిస్ బ్రేస్‌లెట్ తీసి, గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో కడిగాను. రాళ్ళను పట్టి ఉంచే కొక్కేల్లో ఒక్కటీ వదులు కాలేదు. ఆర్నెల్లకోసారి షాపులో చూపించేదానివిగా.

నీ కూతురు దివ్య చెయ్యి చాపింది. నీ ఆడపడుచు వసంత అడ్డుపడింది.

"పిల్లకి పెట్టకండి వదినగారూ! పద్మకి వజ్రాలు పడలేదు. మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని చూడమంటే వినలేదు. కొన్న రెండేళ్ళకే పోయింది."

"అత్తా, అమ్మకి కాన్సర్! బ్రేస్‌లెట్ ఏం చేసింది? సీరియస్లీ!" అంది దివ్య.

నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుణ్ణి తలిచే నోటితో మాట తూలకూడదని, బ్రేస్‌లెట్‌ని పొడిగుడ్డతో తుడిచాను. దివ్య చేతికి పెట్టి, రెండు లాక్‌లూ వేసి, మణికట్టుకీ దానికీ మధ్య నా వేలు దూరుతుందో లేదో చూశాను.

"రోజూ పెట్టుకో. జిమ్‌కి వెళ్ళేటప్పుడు మాత్రం తియ్యి."

"అలాగే పెద్దమ్మా."

వసంత మీద కోపం సాయంత్రానికి చల్లారింది. నా మీదే చల్లారలేదు. రొమ్ములో గడ్డ తగులుతోందక్కా అని నువ్వు ఫోన్ చేసిన రోజున, "ముందు ఆ వజ్రాలు తీసి దేవుడి దగ్గర పెట్టు, అమ్మవారికి నలభై రోజులు కుంకుమపూజ చెయ్యి" అన్నది నేనే. నువ్వు ఎనభై రోజులు చేశావు. ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి వెళ్ళావు.

రేపు ఇదంతా దివ్యకి చెబుతాను. క్షమించమని మాత్రం అడగను.

అక్క