తాడు కట్టిన పెట్టె

మెసయీద్ (ఖతర్),
శుక్రవారం.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ప్రమీలకు,

జలంధర్ ప్రేమతో వ్రాయునది. ఇక్కడ నేను ఆరోగ్యంగానే ఉన్నాను. ఎండ మాత్రం ఎవరి మాటా వినడం లేదు. అక్కడ నీవు, అమ్మ, పిల్లలు కుశలమేనని తలుస్తాను.

నిన్న ఊరి నుంచి వచ్చిన మనిషి చేత నీ ఉత్తరం, మామిడికాయ తొక్కు సీసా రెండూ భద్రంగా అందాయి. నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. ఒకటి, నడుము నొప్పి తగ్గింది. రెండు, గదిలో ఏసీ ఇప్పుడు పనిచేస్తోంది, నేనే బాగుచేశాను. మూడు, అమ్మ కళ్ళజోడు చీటీ ఫోటో తీసి పంపు, ఇక్కడ చేయిస్తాను. “నువ్వు వస్తున్నవట, నిజమేనా?” అన్న నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఇక్కడ జరిగింది చెప్పాలి.

పోయిన వారం ఒక పెద్ద అట్టపెట్టె సర్ది, టేపు వేసి, నైలాను తాడు కట్టి, పైన మార్కరుతో నా పేరు రాశాను. మా క్యాంపులో తాడు కట్టిన పెట్టె కనబడితే ఎవరూ ఏమీ అడగరు. మనిషి సెలవు మీద ఇంటికి పోతున్నాడని అర్థం. తమ ఇళ్ళకు పంపేవి తెచ్చి అతని మంచం మీద పెట్టడమే.

“అన్నా, గీ పౌడరు డబ్బాలు మా రాణికి. గీ నొప్పుల తైలం అమ్మకు. బరువు గింతే” అన్నాడు పక్క గది గజేందర్.

“గజేందర్, ఆ పెట్టె...”

“జాగ లేదనకే అన్నా. నువ్వు సర్దిన పెట్టెల జాగ లేకుంటే ఇంకెవల పెట్టెల ఉంటది?” అంటూనే డ్యూటీ బస్సుకు పరుగెత్తాడు.

సాయంత్రానికి నాకు పడుకునే చోటు మిగలలేదు. ఏది ఎవరిదో లిస్టు రాసుకుంటూ కూర్చున్నాను. మా గదిలో పై మంచం నిజాముద్దీన్ చూసి నవ్వాడు.

“నీకు లిస్టులు రాసుడొస్తది గని నోరు తెర్సుడు రాదు భాయ్. గీ పెట్టె నేపాల్ పోతదని చెప్తే ఏమైతది?”

మరునాడు గజేందర్‌కు చెప్పాను. అతను తల గోక్కున్నాడు.

“మరి వదినెకు ఎవరు చెప్తరు? అన్న వస్తుండని మా రాణి నిన్ననే పోయి చెప్పొచ్చిందట. నేనైతే చెప్ప, అన్నా.”

అందుచేత నేనే చెబుతున్నాను, ప్రమీలా. ఆ పెట్టెలో ఉన్నవి స్విచ్చులు, వైరు చుట్టలు, బల్బు హోల్డర్లు. మా గదిలో ఉండే నేపాలీ వెల్డరు ఊళ్ళో బడికి కొత్త గదులు కట్టారు. కరెంటు పని చేసేవారు దొరకక, మబ్బు పడితే పిల్లలు చీకట్లో కూర్చుంటున్నారట. జీతం లేకుండా వెళ్ళి చేసి వద్దామని నిజాముద్దీన్ కొందరిని కూడగట్టాడు. నన్నూ పిలిచాడు. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. ఈ కరెంటు పని కూడా చూసి చూసి నేర్చుకున్నదే. ఒక బడికి నాతో అవసరం పడడం ఇదే మొదలు. ఆలోచించకుండా సరేనన్నాను.

ఆ మాటతో పోయేది నీ దగ్గర గడపవలసిన సెలవు. కంపెనీ ఇచ్చింది అక్కడికే సరిపోతుంది. ఇంటికి రావడం మళ్ళీ చలికాలానికే.

నీవు వద్దంటావన్న భయంతో ఇది దాచలేదు. వద్దనవని తెలిసే దాచాను. గల్ఫ్‌కు పోతానంటే సరే అన్నావు. ఇంకో రెండేళ్ళు ఉంటానంటే సరే అన్నావు. అప్పుడు నేను నిన్ను అడగలేదు, చెప్పాను. అడిగి ఉంటే ఏమనేదానివో నాకు నేటికీ తెలియదు.

ఈసారి అడుగుతున్నాను. టికెట్టు తీయలేదు, వచ్చే శుక్రవారం దాకా ఆగమని నిజాముద్దీన్‌కు చెప్పాను. ఫోనులో నీ గొంతు వింటే మాట మార్చేస్తాను గనుక ఈ కాగితం మన ఊరి తిరుమల్ చేతికి ఇస్తున్నాను. అతను నిజంగానే ఇంటికి వస్తున్నాడు. గజేందర్ సామాను కూడా అతని వెంటే.

చదివిన వెంటనే ఫోను చేయవద్దు. ఒక రోజు ఆగు. రమ్మంటే వస్తాను. కొంచెం బాధ ఉంటుంది, అబద్ధం చెప్పను. నిన్ను చూస్తే పోతుంది. వెళ్ళమంటే వెళ్ళి, పిల్లలు వెలుతురులో కూర్చున్న ఫోటో ముందు నీకే పంపుతాను. నీ మనసులో ఏది ఉంటే అది చెప్పు. సరే అని మాత్రం అనకు.

ఇట్లు,
నీ మాట వినాలని కూర్చున్న
నీ పెనిమిటి
జలంధర్