రెండు పేజీల చప్పుడు

ఒరే ఓబులేసూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. దీన్ని నీకు చదివి వినిపించేవాళ్లు లేరని తెలిసే రాస్తున్నా.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన ఏడాది, చూపులేని నీకు పాఠాలు చదివి వినిపిస్తానంటేనే కర్నూలు కాలేజీ హాస్టల్లో నాకు సీటిచ్చినారు. నేనేమో సినిమాకు ఆలస్యమవుతుందని రెండేసి పేజీలు ఒకేసారి తిప్పేసేవాణ్ణి. ఆ వదిలేసిన పేజీల్లోంచే ప్రశ్నలొచ్చి పరీక్ష తప్పినావు. “నాదే మొద్దు బుర్ర లేరా” అన్నావు. నేను కాదనలేదు.

ఇప్పుడు మార్కాపురంలో అయ్యవారిగా ఉన్నా. బి.ఏ.కు ప్రైవేటుగా చదివే దొనకొండ పిల్లోడు, నీ మాదిరే చూపులేనోడు, పాఠాలు చదివించుకునేదానికి ఆదివారాలు వస్తాడు. వాడికి ఒక్క అక్షరం వదలను. ఇయ్యాల కాగితాలు అంటుకొని రెండు ఒకేసారి తిరిగినాయి. నేను చూసుకోలేదు.

“సార్, రెండు పేజీలు తిరిగినాయి” అన్నాడు వాడు.

“నీకెట్ల తెలిసిందిరా?”

“చప్పుడు వేరేగా ఉంటాది గదా సార్. మాకు వినపడకుండా ఎట్ల పోతాది?”

అంటే నీకూ వినపడింది. రెండేళ్లు అట్లే వింటూ కూర్చొని, నేను చెప్పులేసుకునేటప్పుడు “వచ్చినాక సినిమా కథ చెప్పురా” అని మాత్రం అన్నావు.

సిగ్గులేకుండా చెప్పినాను ఓబులేసూ, ఒక్క సీను కూడా వదలకుండా.