నాలుగో కర్టెన్ మీద కొంగలు

ఆదివారం, మార్చి 9

చెల్లికి,

నీ తోడికోడలు ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ బావగారూ కులాసా. మీరిద్దరూ కులాసాగా ఉన్నారని మరిది ఫోన్లో చెబుతూనే ఉంటాడు, నువ్వు మాత్రం లైన్లోకి రావు. అందుకే కాగితం పట్టాను. మొహం తిప్పుకోకుండా చివరిదాకా చదువు.

బట్టల మిల్లు పెట్టి కోట్లు గడించిన మిల్లుదొర మేడ గుర్తుందిగా, మనం కర్టెన్లు కుట్టిచ్చిన మేడ? దాన్ని మ్యూజియం చేశారు. ఒకప్పుడు పనివాళ్ళ గుమ్మంలోంచి బట్టల మూటలు మోసుకుపోయిన ఇంట్లోకి, నిన్న టికెట్ కొని ముందు మెట్లెక్కి వెళ్ళాను. ఇరవై కుర్చీల భోజనాల బల్ల చూసి మీ బావగారు, ఈ చివరివాళ్ళు ఉప్పు అడిగితే ఆ చివరినుంచి వచ్చేసరికి భోజనం అయిపోతుందన్నారు. నాకు నవ్వు రాలేదు. నా ప్రాణమంతా మేడమీది పుస్తకాల గదిలో ఉంది.

పదిహేడేళ్ళయినా నాలుగో కర్టెన్ అక్కడే ఉందే! మూడింటి మీద కొంగలు పైకి ఎగురుతున్నాయి, నాలుగోదాని మీద తలకిందులుగా నేలకేసి వస్తున్నాయి. ఇది కుట్టిన మహాతల్లులెవరో అని గైడమ్మాయి అందరినీ నవ్విస్తుందేమోనని మీ బావగారి వెనక నక్కాను.

ఆ అమ్మాయి నిజంగానే అక్కడ ఆగింది. కర్టెన్ మార్చేద్దామని ఇంటి మేనేజరు అడిగితే దొర ఒప్పుకోలేదట. కొంగలన్నాక ఎప్పుడూ ఎగరడమేనా, ఎక్కడో ఒకచోట దిగొద్దా అన్నాడట. పోయేదాకా ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేయించుకున్నాడట. అది విన్నాక నా గుండెల మీంచి బండ దించినట్టయింది. అడ్డంగా కట్టిన తాడు దాటి వెళ్ళి అంచు తిరగేసి చూశాను, మన కుట్టు ఒక్క పోగు ఊడలేదు. ముట్టుకోవద్దని గైడమ్మాయి కసిరింది. ఆ కసురు కూడా హాయిగానే ఉంది.

పని పోతుందన్న భయంతో, కర్టెన్లు వేలాడదీసిన రోజు నిన్ను నానా మాటలూ అన్నాను. కళ్ళెక్కడ పెట్టుకుని కత్తిరించావన్నాను. మళ్ళీ నా షాపు గడప తొక్కొద్దన్నాను. నువ్వు కత్తెర బల్లమీద పెట్టి వెళ్ళిపోయావు. దొర ఏమీ అనలేదు, అన్నదంతా నేనే.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఇది పైన రాయడానికి చెయ్యి రాలేదు. కత్తిరించే రోజు నువ్వు బట్టని నిలువుగానే మడిచి పరిచి, భోజనానికి వెళ్ళావు. ఇస్త్రీకి చోటు కావాలని నేనే దాన్ని తీసి, మళ్ళీ పరిచేటప్పుడు అడ్డంగా మడిచాను. అడ్డ మడతలో కత్తిరిస్తే కింది పొర మీద బొమ్మ తలకిందులవుతుందని నీకు నేర్పిందే నేను. నువ్వు వచ్చి, నీ మడతే అనుకుని కత్తెర పెట్టావు. కర్టెన్ వేలాడదీసిన క్షణంలోనే నాకు అంతా గుర్తొచ్చింది. అయినా నిన్నే తిట్టాను. తప్పు నీది కాదమ్మా, నాది. ఇప్పుడు నీ వంతు. తిట్టాలనుంటే ఉత్తరంలో వద్దు, షాపుకొచ్చి తిట్టు.