నల్లద్రాక్ష పులుపు

వికారాబాద్, ఏప్రిల్ 1962

అమ్మకు సుగుణ వందనాలు. అత్తమ్మ గురించి ఫికర్ చెయ్యకు. జ్వరం పోయినంక ఆమెకు ఏం తిన్నా రుచి తెలుస్తలేదని రాసిన గద. మొన్న మా పాస్టరమ్మ ఈస్టరు ప్రభు భోజనానికని రెండు రకాల ద్రాక్షలు పులియబెట్టి, ఏ రసం మంచిగున్నదో చెప్పుమని మమ్మల్ని పిలిచింది. గులాబీ ద్రాక్షది తియ్యగ, కమ్మటి వాసనతోని ఉన్నదని అందరం మెచ్చుకున్నం. అత్తమ్మ మాత్రం "నీళ్ల లెక్కనే ఉన్నది" అన్నది. బెంగళూరు నల్లద్రాక్షది ఒక్క గుక్క తాగి, మొఖం ముడిచి, "అబ్బ, ఎంత పులుపే!" అన్నది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

నాయిన దగ్గు తగ్గిందా? మామ తాండూరు నుంచి వచ్చేటప్పుడు చింతకాయ తొక్కు పంపు. నిన్న నా పప్పుల ఉప్పు లేదని అత్తమ్మ మస్తు తిట్టింది. నేను వినుకుంట నవ్విన. దేవుడు మిమ్మల్నందర్ని సల్లగ చూడాలె.

నీ బిడ్డ,
సుగుణ