సలీం ఛాతీ మీద నా పేరు

ఆదివారం రాత్రి

మోకాలు వాచి బొల్లారం దిక్కు గుట్టల పరుగుకు నేను వెళ్లలేకపోయాను. పరుగులో ఛాతీకి పిన్నుతో పెట్టుకునే, నా పేరున్న బిబ్ నా దోస్తు సలీంకిచ్చాను. మా రన్నర్స్ గ్రూపులో అందరూ చేసే పనే. ఎత్తు మీద అడుగులు చిన్నగా వెయ్యమని, ఆయాసం వస్తే ఆగకుండా నడవమని సలహాలు కూడా ఇచ్చాను. పెద్ద గురువుని మరి!

నేను టీ తాగుతుంటే నా భార్య లతకు ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ హస్బెండ్ ప్రభాకర్ గారు పడిపోయిండ్రు, జెర జల్దీ ఆస్పత్రికి రండి." ఏదైనా అయితే ఫోన్ చేయడానికని బిబ్ వెనక నేను రాసింది లత నంబరే. పడిపోయింది సలీం అని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"అమ్మయ్య, నువ్వు గాదు," అంది లత. ఆ మాటకు ఆమె మీద పొద్దంతా మండిపడ్డాను. నాకూ ముందు అదే అనిపించింది.

సలీం ఇంకా కళ్లు తెరవలేదు. ఐసీయూ బయట వాళ్లావిడ షబానాకు బిబ్ సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అన్నా, ఈయన లేస్తడేమోనని నర్సులు శానసేపు పేరు పెట్టి పిలిచిన్రంట. ఏమని పిలిచిన్రు?" అని అడిగింది.

ప్రభాకర్ అని, నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది.