వేడి చొక్కా

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అమ్మ మోకాలు కులాసాగా లేదు గానీ నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. అక్కడ నువ్వూ మరదలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరాలేమిట్రా వీడికి అనుకున్నాను. రచయితవయ్యావు కదా, రేపెవరైనా వీటిని కూడా అచ్చు వేస్తారని ఆశ కాబోలు. నేను ఉత్తరం రాయడానికి కారణం వేరు. మాది ఒకటిన్నర గది. అమ్మకి చూపు మసకబారిన కొద్దీ చెవులు పదునెక్కాయి. నేను మెట్ల మీదికి వెళ్ళి గుసగుసలాడి వచ్చినా "ఎవరితోనే?" అంటుంది. ఇప్పుడు కాగితం తిప్పిన చప్పుడుకి కూడా అడిగింది. ఆఫీసు పని అన్నాను.

చాలా ప్రశ్నలు వేశావు. చొక్కా సంగతి మాత్రం చివర్న చెబుతాను. ముందే చెబితే మిగతావి చదవవు, నీ సంగతి నాకు తెలుసు.

ఈ మధ్య జనం ఎగబడి కొంటున్న నవలల మీద నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పమన్నావు. నాకు మొహమాటమా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటిని పైకి చదివి రికార్డు చేయడమే కదా నా ఉద్యోగం. నేను కూర్చునే గది బట్టల బీరువా కంటే కాస్త పెద్దది. గోడలకి స్పాంజి. చప్పుడొస్తుందని ఫ్యాను పెట్టరు. అద్దం అవతల సౌండాయన పుస్తకం మీద వేలు పెట్టుకుని వింటుంటాడు. నేను ఒక్క మాట అటూ ఇటూ అన్నా ఆపేస్తాడు. "మేడమ్, పుస్తకంలో 'అన్నాడు' అని ఉంది. మీరు 'అంటాడు' అన్నారు. మళ్ళీ చదవండి" అంటాడు. కళ్ళతో చదివేవాళ్ళు విసుగొస్తే పేజీ తిప్పేస్తారు. నేను తిప్పడానికి వీల్లేదు. మింగలేని వాక్యాన్ని కూడా నమిలి మింగాల్సిందే.

కాబట్టి విను. ఈ ఏడాది చదివిన వాటిలో సగం నవలల పేర్లలో వానో నిశ్శబ్దమో ఉన్నాయి. నాయిక కిటికీ దగ్గర నిలబడి నిట్టూరుస్తుంది. రాసినవాడికి అది ఒక్క మాట, నిట్టూర్చాల్సింది నేను. నా సొంత కష్టాలకి కూడా నేను అన్నిసార్లు నిట్టూర్చలేదు. ప్రేమ నవలల్లో ఎవరికీ ఉద్యోగం ఉండదు, ఉన్నా వెళ్ళరు. ఎవరూ ఒక్క గిన్నె తోమరు. హత్యల నవలల్లో హంతకుడు దొరికిపోయాక జీవితం గురించి రెండు పేజీలు ఉపన్యాసం ఇస్తాడు, పోలీసు చేతులు కట్టుకుని వింటాడు. మా సౌండాయన "ఆ రెండు పేజీల్లో వాడు పారిపోయుండచ్చుగా మేడమ్" అన్నాడు. నవ్వాపుకోలేక రికార్డింగు పాడుచేశాను.

అన్నీ చెత్తేనా అంటే కాదు. బస్ డిపోలో గుమాస్తా రిటైరైన రోజు గురించి ఒకావిడ రాసిన నవల చదివాను. పెద్దగా ఏమీ జరగదు. ఆయన ఇంటికొచ్చి భార్యని "రేపట్నుంచి నేనేం చెయ్యాలి?" అని అడుగుతాడు, అంతే. ఆ మాట చదివాక రికార్డింగు కాసేపు ఆపమని నేనే అడిగాను. ఆ పుస్తకం ఎవరూ కొనలేదట.

నాకు అసలు ఒళ్ళు మండేది తల్లుల దగ్గర. ఈ నవలల్లో తల్లులు రెండే రకాలు. ఒకతె తేనె, ఇంకొకతె రాయి. తేనె తల్లి పిల్లల కోసం పస్తులుండి ఆ సంగతి చివరి పేజీ దాకా దాస్తుంది. రాయి తల్లి పిల్లవాణ్ణి ఏడిపిస్తుంది, వాడు పెద్దయి నవల రాస్తాడు. ఆ నవల అట్ట వెనక 'ధైర్యంగా రాసిన పుస్తకం' అని వేస్తారు. ఇంట్లోవాళ్ళ గుట్టు ఊరందరికీ చెప్పడాన్ని ఇప్పుడు ధైర్యం అంటున్నారు.

అవును, నీ నవల సంగతికే వస్తున్నాను.

బాగా రాశావురా. నా నోటితో అన్ని పుస్తకాలు చదివినదాన్ని, వాక్యం బాగుందో లేదో నాకు తెలుస్తుంది. అమ్మ పనిచేసిన లాండ్రీలో ఆవిరి గురించి రాసిన పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ వాసన వచ్చింది నాకు. పాపిష్టివాడు, ఎంత బాగా రాశాడు అని తిట్టుకున్నాను. కుళ్ళుకున్నాను కూడా. దాచడమెందుకు?

కానీ ఆ కొడుకు ఒక్కగానొక్క కొడుకు. మూడొందల పేజీల్లో నేనెక్కడా లేను. "అక్క పాత్ర ఉంటే పిల్లవాడి ఒంటరితనం పలచబడుతోందని ఎడిటర్ అన్నాడు, కోపం వచ్చిందా?" అని అడిగావు. నిన్ను చంకనేసుకుని తిప్పాను, పేలు తీశాను, లెక్కలు నేర్పాను. అవన్నీ నీ ఒంటరితనాన్ని పలచన చేశాయన్నమాట. కోపం వచ్చింది. ఇంకా ఉంది.

ఆస్పత్రి అధ్యాయం గురించి అడిగావు. అది చదివి జనం ఏడుస్తున్నారట. నాన్న పోయిన రోజు అమ్మ డ్యూటీ బట్టలతోనే వచ్చిందని, కంట తడి పెట్టలేదని, శవం పక్కన వంగి మంచం కింద చెప్పులు వెతుక్కుందని రాశావు. 'ఆ క్షణంలో ఆమె నాకు తల్లిలా కాదు, రాయిలా కనిపించింది' అని ముగించావు. నువ్వు చూసిందే రాశావు, కాదనను. అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు, నాకు పదిహేను. నువ్వు గుమ్మం దగ్గరున్నావు, నేను మంచం దగ్గరున్నాను. అమ్మ వంగినప్పుడు అన్న మాట నాకు వినపడింది. "ఒట్టి కాళ్ళతో ఎట్లా వెళ్తాడే?" అంది. చెప్పులు దొరికాక నాన్న కాళ్ళకి తొడిగింది. అప్పటికి పక్కింటాయన నిన్ను బయటికి తీసుకుపోయాడు. నువ్వు నన్ను ఒక్కమాట అడిగుంటే చెప్పేదాన్ని. నీ పుస్తకంలో నేను లేను కదా, అడగడానికి.

నీ నవల నా గొంతుతో రావాలని కంపెనీ వాళ్ళని అడిగావట. మా మేనేజరు సంబరంగా చెప్పాడు. నేను చదవనన్నాను. నా రికార్డింగులన్నీ అమ్మ ఫోన్లో పెట్టించుకుని వింటుంది. ఆస్పత్రి అధ్యాయం నా గొంతుతో అమ్మ చెవిలో పడటం నా వల్ల కాదు. ఇంకెవరి గొంతుతోనూ పడనివ్వకు.

"మరి అమ్మకి పుస్తకం చదివి వినిపించావుగా, బాగుందని అంది కదా" అంటావు. అక్కడికే వస్తున్నాను.

నీ పుస్తకం వచ్చిన రోజు అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అట్ట తడుముతూ కూర్చుంది. "వాడి పేరెక్కడుంది?" అంటే వేలు పట్టుకుని చూపించాను. "చదవవే" అంది. మొదటి అధ్యాయం ఉన్నదున్నట్టు చదివాను, అందులో ఇంకా రాయి లేదు. రెండో అధ్యాయం మొదట్లోనే తడబడ్డాను. అమ్మ మొహం అంత దగ్గర్లో ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బళ్ళో పిల్లలా వింటోంది. ఇక్కడ అద్దం అవతల సౌండాయన లేడు. నోటికొచ్చింది చదివాను.

ఆ రోజు నుంచి రోజూ భోజనాలయ్యాక పుస్తకం తెరిచి పట్టుకుని, అందులో లేని నవల చదివాను. పేజీలు కూడా సమయానికి తిప్పేదాన్ని, అమ్మకి చప్పుడు వినపడాలి కదా. ఇందాక తేనె తల్లుల్ని అంతగా తిట్టానే, వాళ్ళందర్నీ కలిపి ఒకతెని చేసి అమ్మ ముందు పెట్టాను. అమ్మ ఒక్కో చోట "అంత మంచిదాన్నా నేను?" అని మురిసిపోయేది. ఒక్కో చోట "అది కొంచెం ఎక్కువ రాశాడు వెధవ" అనేది. అన్నిటికంటే వేడి చొక్కా అధ్యాయం నచ్చింది. మూడుసార్లు చదివించుకుంది.

ఆ తర్వాత నీకు ఫోన్ చేసి దాని గురించే చెప్పి ఏడ్చింది. నువ్వు నాకు ఉత్తరం రాశావు: "అక్కా, చలికాలం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసి, వేడి ఆరకముందే తొడిగేదాన్నని రాశావట కదా అని అమ్మ అడిగింది. నేను రాయలేదే! కానీ అమ్మ అన్నాక నాకూ గుర్తొచ్చింది. మెడ దగ్గర గుండీ చురుక్కుమనేది. ఎంత గొప్ప జ్ఞాపకం, ఎలా మర్చిపోయానో! రెండో ముద్రణలో అమ్మ చేతుల్ని అలా చూపిస్తాను. ఇంతకీ ఆ అధ్యాయం ఎక్కడిది?"

అమ్మ చేతులా?

అమ్మ పొద్దున షిఫ్టు. నువ్వు లేచేసరికి లాండ్రీలో పని సగం అయ్యేది. ఆ చీకట్లో లేచి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది నేను. మంచం మీద దుప్పటి మడత వేసి దాని మీద నీ చొక్కా ఇస్త్రీ చేసింది నేను. నా బొటనవేలు మీద మచ్చ అప్పటిదే. గుండీ చురుక్కుమంటోందని నువ్వు గోల చేస్తే, మర్నాటి నుంచి దాన్ని ఉఫ్ ఉఫ్ అని ఊది తొడిగాను. చురుక్కుమన్న ఆ ఒక్క రోజే గుర్తుంది నీకు. ఊదిన రోజులు గుర్తులేవు.

అమ్మకి చదివేటప్పుడు 'అక్క చేసింది' అనచ్చు. ఎవరు ఆపుతారు? కానీ అప్పటికి నాలుగు రోజులుగా చదువుతున్నాను. కథలో పెద్దపిల్ల ఒక్కసారీ రాలేదేమని అమ్మ అడుగుతుందేమో అని చూశాను. అడగలేదు. కొడుకూ తల్లీ ఉన్నారు, ఆమెకి నవల నిండుగానే ఉంది. ఇక నన్ను నేను ఎక్కడ దూర్చుకోను? రోషమొచ్చి, నా దగ్గరున్న వాటిలో మంచిది తీసి అమ్మకి ఇచ్చేశాను. తీసుకోదేమో, "నేనెప్పుడు చేశానే, అది నువ్వు కదా" అంటుందేమో అని ఆశపడ్డాను. నిజం చెప్పాలంటే దానికోసమే చదివాను.

అమ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని "అవునే, నేనే చేసేదాన్ని. ఎంత చలి ఉండేదో! చూశావా, వాడికి అన్నీ గుర్తున్నాయి. ఇంట్లో ఉండి కూడా నీకు ఒక్కటీ గుర్తుండదు" అంది.

నేను పేజీ తిప్పాను.

అమ్మ అబద్ధమాడలేదురా. ఆమెకి నిజంగానే గుర్తొచ్చింది. నీకూ నిజంగానే గుర్తొచ్చింది. ఇప్పుడు అమ్మ చేసినట్టు గుర్తులేనిది నా ఒక్కదానికే అన్నమాట. మీ ఇద్దరూ ఒక మాట మీద ఉన్నాక నేనెవరితో చెప్పుకోను? నీతోనే చెబుతున్నాను, చూడు నా గతి.

వచ్చే నెల సన్మాన సభకి అమ్మని మొదటి వరసలో కూర్చోబెట్టి, ఆస్పత్రి అధ్యాయం చదువుతానని రాశావు. చదవకు. నీ కాళ్ళు పట్టుకోను, పెద్దదాన్ని. కానీ చదవకు. ఆ పుస్తకంలో తన గురించి ఇలా ఉందని అమ్మకి తెలిస్తే, నాన్న పక్కన వెతుక్కుందని నువ్వు రాసిన ఆ చెప్పుల్ని ఆమె బతికినంతకాలం వెతుక్కుంటూనే ఉంటుంది. వేడి చొక్కా అధ్యాయం నాకు గుర్తున్నంత వరకు రాసి దీనితో పెట్టాను. అదే చదువు. రెండో ముద్రణలోనూ అదే వెయ్యి. అమ్మ చేసిందనే వెయ్యి. ఆమె నమ్మింది, ఇప్పుడు వెనక్కి లాక్కుంటే చూడలేను. చప్పట్లు నువ్వు తీసుకో.

అమ్మని నేనే తీసుకొస్తాను, కుర్చీలో కూర్చోబెడతాను. తర్వాత బయట వరండాలో ఉంటాను. లోపలికి పిలవకు. ఆ అధ్యాయం నీ గొంతుతో వినే ఓపిక నాకు లేదు.

ఆ రోజు నీ చొక్కా నువ్వే ఇస్త్రీ చేసుకుని రా. మరదలికి ఆ పని చెప్పకు.

ఇట్లు,
నీ పుస్తకంలో లేని
అక్క