రెక్కకు కుచ్చిళ్ళు ఎక్కడివి?

సూరత్, కతర్‌గామ్
1-2-1996

నా మంగకు,

సిరిసిల్లలో నువ్వూ పాపా క్షేమమనుకుంటాను. ఓడల మరమ్మతు చేసి రిటైరైన జయంతిభాయ్ గురించి రాశాను కదా, తాపీ నది ఒడ్డున ఆయన కడుతున్న విమానం పూర్తయింది. కింద పడవ పొట్ట, పక్కన చక్రాలు, పైన రెక్కలు. నీళ్ళ మీదా దిగుతుందట, నేల మీదా దిగుతుందట! ఇలాంటిది ఆయన కట్టడం ఇదే మొదలు.

రెక్కలకు తొడిగిన గుడ్డ నేను నేసిందేనని నీకు గొప్పగా చెప్పుకున్నాను. ఒక మాట దాచాను. ఎడమ రెక్క గుడ్డలో మూడు పోగులు తెగాయి. సాంచా మగ్గం ఆపేలోపు అవి లేకుండానే మూరెడు నేత సాగిపోయింది. నరహరి గుడ్డలో తప్పు దొరకదని కార్ఖానాలో నాకు పేరు. ఆ పేరు పోతుందని గోటితో పక్క పోగులు జరిపి కప్పేశాను. చీరలకు ఎన్నిసార్లు చేయలేదు? కుచ్చిళ్ళలో కలిసిపోతుంది. రెక్కకు కుచ్చిళ్ళు ఎక్కడివి? ఇప్పుడు పైన రంగు కూడా పూశారు. ఈ ఆదివారం ఆయన ఎక్కుతాడు. చెప్పే ధైర్యం లేదు మంగా. చెప్పను. భారం దేవుడి మీద వేశాను.

నీ నరహరి

4-3-1996

మంగా,

చెప్పేశాను. ఆ ఆదివారం విమానాన్ని నీళ్ళలోకి తోస్తుంటే నా చేతులు ఆడలేదు. అడ్డం నిలబడి, "భాయ్, ఎక్కకుండ్రి. ఎడమ రెక్క గుడ్డల తప్పున్నది. నేనే దాచిన" అన్నాను.

"ఇన్ని రోజులు చుప్ ఎందుకు కూసున్నవ్?" అని జయంతిభాయ్ అరిచి, అందరి ముందూ ఆ గుడ్డను బ్లేడుతో చర్రున చీల్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం తనే కార్ఖానాకు వచ్చాడు. "మల్ల నువ్వే నెయ్యి. తప్పు చెప్పినోని గుడ్డ మీదనే ఎక్కుత" అన్నాడు.

నిన్న ఎక్కాడు. పక్క సీటు చూపించి నన్నూ రమ్మన్నాడు. ఎక్కాను. పొట్ట కింద నీళ్ళు దడదడ కొట్టాయి. ఒక్కసారిగా ఆ చప్పుడు ఆగిపోయింది. మేం నీళ్ళ మీద లేము మంగా! ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి తలలెత్తి చూస్తున్నారు. తాతల నాటి నుంచి మనం నేసింది మనుషులు కట్టుకున్నారు. అది మనుషులను మోయడం మన ఇంట్లో నేనే మొదట చూశాను.

కిందికి చూడమని జయంతిభాయ్ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నేను ఎడమ రెక్క మీద నుంచి చూపు తిప్పలేదు. గాలి దాన్ని లాగుతూనే ఉంది. అది పట్టుకునే ఉంది.

నీ నరహరి